ఇంటి ప్లాన్ రెడీమేడ్‌ది కొనాలా, మన స్థలానికి గీయించుకోవాలా?

ఫోన్‌లో ‘30 బై 40 ఈస్ట్ ఫేస్’ అని కొడితే చాలు, లెక్కలేనన్ని ప్లాన్లు వచ్చి పడతాయి. కొన్ని ఉచితం. కొన్నింటికి వెయ్యో రెండు వేలో కడితే పీడీఎఫ్ చేతికొస్తుంది. త్రీడీలో ఇంటిని ముందు నుంచి, పైనుంచి తిప్పి మరీ చూపిస్తారు. అదే స్థలానికి ప్లాన్ గీయమని ఆర్కిటెక్ట్ దగ్గరకో, సివిల్ ఇంజినీరు దగ్గరకో వెళితే ఫీజు పదుల వేలల్లో ఉంటుంది, రెండు మూడు వారాలు తిరగాలి. ‘కాగితం మీద గీతలకు అంత డబ్బా?’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు.

ప్రశ్న న్యాయమైనదే. అయితే జవాబు మీ అభిరుచి మీద కన్నా మీ స్థలం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఇంకో విషయం కూడా ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఇళ్ల అనుమతులు నడుస్తున్న తీరు వల్ల, ప్లాన్‌లో తప్పుంటే దాని భారం నేరుగా యజమాని మీదే పడుతోంది. ముందు అక్కడి నుంచే మొదలుపెడదాం.

అనుమతి సులువైంది, బాధ్యత మీ మీదికొచ్చింది

తెలంగాణ 2020లో టీఎస్ బీపాస్ చట్టం తెచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ఫ్లోర్, లేదంటే దానిపై ఒక అంతస్తు కట్టుకునేవారికి అనుమతి అక్కర్లేదు. రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుంది. 600 గజాల వరకు స్థలం, 10 మీటర్ల వరకు ఎత్తు ఉండే ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి వచ్చింది. అంతకు మించితే 21 రోజుల గడువుతో సింగిల్ విండో. 2025లో దీని స్థానంలోకి ‘బిల్డ్‌నౌ’ వేదిక వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌టీపీలు, అంటే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణులు, ఆన్‌లైన్‌లో ప్లాన్ సమర్పిస్తారు. అక్కడా 2025లో స్వీయ ధ్రువీకరణ పథకం మొదలైంది.

వినడానికి హాయిగా ఉంది. ఇదివరకు టౌన్ ప్లానింగ్ విభాగంలో ఫైలు నెలల తరబడి ఆగేది. కానీ ఆ ఆలస్యంలోనే ఎవరో ఒకరు ప్లాన్ చూసి ‘ఇక్కడ సెట్‌బ్యాక్ తక్కువైంది’ అని చెప్పే అవకాశం కూడా ఉండేది. ఇప్పుడు ‘నా ప్లాన్ నిబంధనల ప్రకారమే ఉంది’ అని సంతకం పెట్టేది మీరే. తప్పుడు వివరాలిచ్చినట్టు తర్వాత తేలితే నోటీసు లేకుండానే కట్టడాన్ని తొలగించే అధికారం తెలంగాణ చట్టంలో ఉంది. ‘ఆ ప్లాన్ ఇంటర్నెట్‌లో కొన్నానండీ’ అన్న మాట అక్కడ చెల్లదు. రెండు వేలకు పీడీఎఫ్ అమ్మినవారు మీ సెల్ఫ్ డిక్లరేషన్ మీద సంతకం పెట్టరు కదా.

1200 అడుగుల స్థలంలో ఇల్లెంత?

రెడీమేడ్ ప్లాన్లతో వచ్చే మొదటి చిక్కు సెట్‌బ్యాక్‌ల దగ్గర. ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలన్నది స్థలం విస్తీర్ణం, ఎదురుగా ఉన్న రోడ్డు వెడల్పు, కట్టబోయే ఎత్తు చూసి నిర్ణయిస్తారు. తెలంగాణలో 2012 నాటి జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119 దీనికి ఆధారం. వీటికి తర్వాత సవరణలు కూడా వచ్చాయి కాబట్టి మీ స్థలానికి ఈరోజు ఏది వర్తిస్తుందో పోర్టల్‌లోనో ఎల్‌టీపీ దగ్గరో చూసుకోవాలి.

ఒక లెక్క వేద్దాం. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు ఉన్న స్థలం, అంటే 1200 చదరపు అడుగులు, సుమారు 133 గజాలు. రోడ్డు వైపు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాల్సి వచ్చిందనుకోండి. మీటరంటే దాదాపు 3.28 అడుగులు. వెడల్పు 30 నుంచి 23.4 అడుగులకు, లోతు 40 నుంచి 31.8 అడుగులకు తగ్గిపోతుంది. ఇల్లు కట్టేందుకు మిగిలేది సుమారు 745 చదరపు అడుగులు. చుట్టూ తొమ్మిది అంగుళాల గోడ కూడా తీసేస్తే లోపల 665 దగ్గర ఆగుతుంది. అందులోంచే మెట్లు, లోపలి గోడలు పోవాలి.

ఇప్పుడు ఫోన్‌లో చూసిన ‘30 బై 40’ ప్లాన్ మళ్లీ తెరవండి. అందులో రెండు బెడ్‌రూములు, హాలు, డైనింగ్, పూజగది, కారు పార్కింగ్ అన్నీ ఉంటే, గోడలు ఎక్కడిదాకా వెళ్లాయో కొలిచి చూడండి. చాలావాటిలో రెండు పక్కలా గోడ సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది. 30 బై 40 అన్న కొలత బెంగళూరు లేఅవుట్లలో బాగా వాడుకలో ఉన్నది. మన దగ్గర స్థలాలు గజాల లెక్కన వస్తాయి. 150 గజాలంటే 30 బై 45, 200 గజాలంటే 36 బై 50 అన్నట్టు. వేరే రాష్ట్రం కొలతలతో, వేరే రాష్ట్రం నిబంధనలకు గీసిన ప్లాన్‌ను మన స్థలంలో ఇరికిస్తే ముందుగా తగ్గేది సెట్‌బ్యాకే.

దస్తావేజులో రాసిన కొలతను కూడా నమ్మేసి కూర్చోకండి. టేపు పట్టుకుని నాలుగు వైపులా, రెండు మూలల మధ్య అడ్డంగా కూడా కొలిపించండి. వెనక వైపు అడుగో అడుగున్నరో తక్కువ వచ్చే స్థలాలు మన ఊళ్లలో తక్కువేం కాదు. రోడ్డు విస్తరణలో స్థలం పోయేదుంటే, ఆ భాగం వదిలేశాక మిగిలిన హద్దు నుంచి సెట్‌బ్యాక్ లెక్కిస్తారు. దీర్ఘచతురస్రం అనుకుని గీసిన ప్లాన్‌కు ఇవేవీ తెలియవు.

తిప్పేస్తే సరిపోదు

‘మాది నార్త్ ఫేస్, ప్లాన్ ఈస్ట్ ఫేస్‌ది. తిప్పేస్తే పోలా?’ ఇది తరచూ వినిపించే మాట. తూర్పు ముఖంగా ఉన్న ప్లాన్‌లో వంటగది ఆగ్నేయంలో ఉందనుకోండి. ఆ ప్లాన్‌ను ఉత్తర ముఖానికి తిప్పితే వంటగది ఈశాన్యంలోకి వెళుతుంది. పడమర ముఖానికి తిప్పితే వాయవ్యంలోకి. తూర్పు ముఖంగానే ఉంచి అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మార్చినా మళ్లీ ఈశాన్యమే. వాస్తు పట్టింపు ఉన్న ఇంట్లో ఇక్కడే పని ఆగిపోతుంది. సగం గోడలు లేచాక సిద్ధాంతిగారు వచ్చి చెబితే ఖర్చు రెట్టింపు.

వాస్తు పట్టింపు లేనివారికి కూడా దిక్కులు ముఖ్యమే. మన ఎండల్లో పడమటి గోడ ఉన్న గది మధ్యాహ్నం నుంచి కాగుతూ రాత్రి పది దాకా చల్లారదు. ప్లాన్‌ను తిప్పినప్పుడు నైరుతిలో మెట్లు ఉండాల్సిన చోటికి పిల్లల గది వచ్చిందంటే, ఆ తేడా ఏటా వేసవి కరెంటు బిల్లులో కనబడుతుంది. జాతీయ భవన నియమావళి ప్రకారం గది నేల విస్తీర్ణంలో కిటికీల వాటా పొడి వేడి ప్రాంతాల్లో కనీసం పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. అంటే 120 చదరపు అడుగుల గదికి ఒకచోట 12 అడుగుల కిటికీ సరిపోతే, కాకినాడలాంటి తీరం ఊళ్లో 20 అడుగులు కావాలి. రాజస్థాన్ ఎండకు గీసిన చిన్న కిటికీల ఇల్లు కోస్తాలో ఉక్కపోత పెట్టెలా తయారవుతుంది.

ప్లాన్‌లో కిటికీ చూపించిన వైపు మీకు ఖాళీ ఉందా అన్నది కూడా చూడాలి. పక్కింటివారు సరిహద్దు మీదే మూడంతస్తుల గోడ లేపి ఉంటే ఆ కిటికీ తెరిచినా వెలుతురు రాదు. ఇది మీ స్థలం దగ్గర నిలబడి చూస్తే తప్ప ఎవరికీ తెలియని విషయం.

పిల్లర్ల డ్రాయింగ్ మాత్రం కొనకండి

గదుల అమరికలో కొంత రాజీ పడొచ్చు. పునాది, పిల్లర్లు, బీములు, స్లాబుల విషయంలో రాజీకి తావు లేదు. కొన్ని సైట్లు ‘కంప్లీట్ ప్యాకేజీ’ పేరుతో ఫుటింగ్ సైజులు, కమ్మీల వివరాలు కూడా ఇస్తున్నాయి. ఆ డ్రాయింగ్ గీసినవారు మీ మట్టి చూడలేదు. ఏదో ఒక భారం మోసే నేల ఉందని ఊహించుకుని గీశారు.

నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. దానిపై మామూలు పునాది వేస్తే రెండు మూడేళ్లలో గోడల మీద ఏటవాలుగా చీలికలు వస్తాయి. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. కింద గుండ్రంగా ఉబ్బెత్తు ఉండే పైల్‌ను నేల కదలిక లేని లోతుదాకా దించుతారు. హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది అడుగుల్లోనే రాయి తగులుతుంది. అక్కడ ఇంత హంగామా అక్కర్లేదు. పూడ్చిన చెరువు పక్కన లేఅవుట్ అయితే కథ వేరే.

భూకంపం, గాలి లెక్కలూ అంతే. ఐఎస్ 1893 ప్రమాణం 2016 నాటి పటంలో హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంటే విజయవాడ మూడో జోన్‌లో ఉంది. గాలి వేగానికి ఐఎస్ 875లో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు లెక్కగా తీసుకుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు రేకుల షెడ్లు, పెంట్‌హౌస్‌లు ఎలా ఎగిరిపోయాయో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. కింద నుంచి మీద దాకా ఒకే డ్రాయింగ్ రెండు ఊళ్లకూ సరిపోతుందంటే, ఒక ఊళ్లో అవసరానికి మించి ఇనుము పోస్తున్నట్టు, లేదా ఇంకో ఊళ్లో తక్కువ పోస్తున్నట్టు.

కాబట్టి ప్లాన్ ఎక్కడ దొరికినా సరే, మట్టి పరీక్ష చేయించండి. స్ట్రక్చరల్ ఇంజినీరు చేత మీ స్థలానికే డిజైన్ చేయించండి. పైన ఇంకో అంతస్తు వేయాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. గ్రౌండ్ ఫ్లోర్‌కు వేసిన ఫుటింగ్‌ను పదేళ్ల తర్వాత పెద్దది చేయడం దాదాపు జరగని పని. మేస్త్రి అనుభవాన్ని తీసిపారేయడం లేదు. కానీ ‘తొమ్మిది బై పన్నెండు పిల్లరు, ఆరు కమ్మీలు, అందరికీ ఇదే వేస్తాం’ అన్నది డిజైన్ కాదు, అలవాటు.

అయితే రెడీమేడ్ పనికిరాదా?

అలా అనలేం. ఒకే నమూనాతో వేల ఇళ్లు కట్టడం మన ప్రభుత్వాలు చేస్తున్నదే. ఆంధ్రప్రదేశ్‌లో పేదలందరికీ ఇళ్లు పథకంలో 340 చదరపు అడుగుల నమూనా వాడారు. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లకు 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600 దాటకుండా కట్టాలన్న షరతు పెట్టి, రూ.5 లక్షలు నాలుగు దశల్లో ఇస్తున్నారు. మండల కేంద్రాల్లో నమూనా ఇళ్లూ కట్టి చూపించారు. మీరు ఇందిరమ్మ లబ్ధిదారైతే మీ విషయంలో కస్టమ్ చర్చకు పెద్దగా చోటు లేదు. 600 అడుగులు దాటితే బిల్లు ఆగే ప్రమాదం ఉంది కాబట్టి నమూనాకు దగ్గరగా ఉండడమే మంచిది. మండలంలోని నమూనా ఇంట్లోకి వెళ్లి, మంచం, బీరువా ఎక్కడ పడతాయో చూసుకుని రండి.

ముందే నిర్ణయమైన నమూనాతో ఉండే లాభం నిజమైనదే. ఎంత సిమెంటు, ఎంత ఇనుము, ఎన్ని ఇటుకలు అన్నది ముందే తేలుతుంది. ఇంతకుముందు కట్టిన ఇల్లు ఉంటే వెళ్లి చూడొచ్చు. గది పదడుగులంటే ఎంతో కాగితం మీద చాలామందికి అర్థం కాదు, లోపల నిలబడితే అర్థమవుతుంది. అమెరికాలో సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా కేటలాగ్ చూపించి ఇళ్లు అమ్మింది. ప్లాన్‌తో పాటు ఆ ఇంటికి కావాల్సిన చెక్క, మేకులు రైల్లో పంపేది. అక్కడ నమూనా, సామాను ఒక్కచోటి నుంచే వచ్చాయి కాబట్టి పని నడిచింది. మనం కొంటున్నది ఒక్క బొమ్మే.

స్థలం నలుచదరంగా ఉండి, రోడ్డు ఒకే వైపు ఉండి, నేల గట్టిదై, మీ అవసరాలు కూడా పదిమందికీ ఉండేవే అయితే రెడీమేడ్ ప్లాన్‌ను మొదటి మెట్టుగా తీసుకోవడంలో తప్పేం లేదు. అద్దెకు ఇవ్వడానికి రెండు పోర్షన్లు కట్టేవారికి ఇది ఇంకా బాగా కుదురుతుంది.

మూల స్థలం, ఒక వైపు కోసుకుపోయిన స్థలం, వెడల్పు 20 అడుగుల లోపు ఉండి లోతు ఎక్కువ ఉన్న స్థలం, పల్లం లేదా వాలు ఉన్నది అయితే గీయించుకోండి. ఇంట్లో మెట్లెక్కలేని పెద్దవాళ్లు, వీల్‌చైర్ వాడేవారు ఉన్నా అంతే. రెడీమేడ్ ప్లాన్లలో బాత్‌రూం తలుపు సాధారణంగా రెండున్నర అడుగులే. చక్రాల కుర్చీ అందులో దూరదు. కింద క్లినిక్కో, కిరాణా కొట్టో పెట్టే ఆలోచన ఉంటే ముందు ఆ వాడకానికి అనుమతి ఉందా లేదా చూడాలి, తర్వాతే ప్లాన్.

ఫీజు ఎక్కువా, నడవా ఎక్కువా?

ఖర్చు సంగతి. 1500 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు రూ.2,000 పడుతుందనుకుంటే మొత్తం రూ.30 లక్షలు. ప్లాన్, డిజైన్ కలిపి అడుగుకు రూ.40 తీసుకున్నారనుకుందాం. అది రూ.60,000, మొత్తంలో రెండు శాతం. ఇప్పుడు రెడీమేడ్ ప్లాన్‌లో హాలు నుంచి వెనక బెడ్‌రూముకు నాలుగడుగుల వెడల్పుతో, పదిహేనడుగుల పొడవుతో ఒక నడవా ఉందనుకోండి. 60 చదరపు అడుగులు. నడవడానికి తప్ప దేనికీ పనికిరాని ఆ జాగాకు మీరు పెట్టేది రూ.1.2 లక్షలు. ఇవి ఊహించుకున్న అంకెలే, మీ ఊరి రేట్లు పెట్టి మీరే లెక్క వేసుకోవచ్చు.

అలాగని ఫీజు తీసుకున్న ప్రతి ప్లానూ మీ కోసం గీసిందే అనుకోకండి. కస్టమ్ పేరుతో పాత ఫైల్లో పేరు మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పోల్చుకోవడం కష్టం కాదు. స్థలం చూడటానికి రాకుండా, ఇంట్లో ఎంతమంది ఉంటారో అడగకుండా రెండో రోజే ప్లాన్ పంపారంటే అది రెడీమేడే, ధర మాత్రం కస్టమ్‌ది.

ఎవరు గీస్తున్నారో చూసుకోండి

1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ‘ఆర్కిటెక్ట్’ అని పేరు పెట్టుకోవాలి. ఆ చట్టం పేరు వాడకాన్నే నియంత్రిస్తుంది, డిజైన్ పని చేయకుండా ఇతరులను అడ్డుకోదు అని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ‘డిజైనర్’, ‘ప్లానర్’ అన్న బోర్డులతో ఎవరైనా ఇంటి ప్లాన్ గీయొచ్చు, అమ్మొచ్చు. అది నేరం కాదు. కానీ మున్సిపాలిటీలో మీ దరఖాస్తు మీద సంతకానికి లైసెన్సు ఉన్నవారే కావాలి. ప్లాన్ ఒకరు అమ్మి, సంతకం ఇంకొకరు పెట్టే పరిస్థితి ఇలా వస్తుంది. సంతకం పెట్టేవారు ప్లాన్ చదివి మార్పులు చెబుతున్నారా, చదవకుండానే ముద్ర కొడుతున్నారా అన్నది కనిపెట్టండి.

డబ్బు కట్టే ముందు ఏమేం ఇస్తారో రాయించుకోండి. ఫ్లోర్ ప్లాన్, ఎలివేషన్ బొమ్మలతో ఇల్లు లేవదు. సెక్షన్, తలుపులు కిటికీల పట్టిక, పిల్లర్లు ఉండే చోట్ల పటం, కమ్మీల వివరాలు, కరెంటు, నీళ్ల పైపుల డ్రాయింగులు, సంపు, ఇంకుడు గుంత చోటు అన్నీ ఉండాలి. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో, పని నడుస్తుండగా సైటుకు ఎన్నిసార్లు వస్తారో కూడా. పీడీఎఫ్‌తో పాటు మార్చుకోవడానికి వీలైన క్యాడ్ ఫైలు అడగండి. 1957 కాపీరైట్ చట్టం కింద ఇంటి డ్రాయింగ్ హక్కు, రాసి బదిలీ చేస్తే తప్ప, సాధారణంగా గీసినవారిదే. స్నేహితుడి ఇంటి ప్లాన్ బాగుందని యథాతథంగా దించేసే ముందు ఇది గుర్తుండాలి.

మధ్యేమార్గం

హైదరాబాద్‌లో, విజయవాడలో చాలామంది నిజంగా చేస్తున్నది రెండిటి కలయికే. నచ్చిన రెడీమేడ్ ప్లాన్లు మూడు నాలుగు దాచుకుని, వాటిలో ఏం నచ్చిందో రాసుకుని స్థానిక ఆర్కిటెక్ట్ దగ్గరకో ఇంజినీరు దగ్గరకో వెళతారు. ‘ఇలాంటి వంటగది, అలాంటి మెట్లు’ అని చూపించగలిగితే మాటల్లో వారాలు పోవు. ఆయన మీ కొలతలకు, మీ సెట్‌బ్యాక్‌లకు, మీ దిక్కుకు మళ్లీ గీస్తారు. మధ్యతరగతి ఇంటికి అన్నిటికన్నా తెలివైన దారి ఇదేనని మా అభిప్రాయం. ‘ఇదే ప్లాన్‌కు ముద్ర కొట్టండి’ అని అడగడం, ‘దీన్ని మా స్థలానికి మార్చండి’ అని అడగడం రెండూ ఒకటి కావు. ఫీజు బేరం ఎక్కడ ఆడినా, స్ట్రక్చరల్ డిజైన్ దగ్గర ఆడకండి.

అనుమతి వచ్చాక ఆ ప్లాన్‌ను మార్చొద్దు. మార్చాల్సి వస్తే సవరించిన ప్లాన్‌కు మళ్లీ దరఖాస్తు చేయండి. హోంలోన్ విడతలు వదిలేముందు బ్యాంకు ఇంజినీరు వచ్చి ఆమోదం పొందిన ప్లాన్‌తో సైటును పోల్చి చూస్తారు. ఒకటి కొనుక్కుని, ఇంకోటి సమర్పించి, మూడోది కట్టేవారు ఇక్కడే దొరికిపోతారు. 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని, అనుమతికి విరుద్ధంగా కట్టిన భాగం ఉంటే ఆ సర్టిఫికెట్ ఇవ్వొద్దని అధికారులను ఆదేశించింది. పునాది ముగ్గు పోసే రోజున ఆమోదిత ప్లాన్ ప్రింటు ఒకటి పెద్దసైజులో తీయించి మేస్త్రి చేతికివ్వండి. ముగ్గు పడ్డాక నాలుగు వైపులా సెట్‌బ్యాక్‌ను టేపుతో మీరే కొలవండి. మట్టి తవ్వకముందు సుద్ద గీతను జరపడానికి పైసా ఖర్చు కాదు.